నాలుగో హద్దు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. రేపల్లెలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల షెడ్డులో కూర్చుని ముప్పై ఏళ్ల పైచిలుకు దస్తావేజులు రాశాను. చచ్చిపోయినవాళ్ళు లేచి వచ్చి ఏదో చేశారని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. చచ్చిపోయినవాళ్ళ పేరు మీద బతికున్నవాళ్ళు వేలిముద్ర వేయబోతుంటే నేనే రెండుసార్లు చెయ్యి పట్టుకున్నాను. ఎవరికి భయపడాలో నాకు బాగా తెలుసు.

భక్తి కూడా అంతంతమాత్రమే. మా ఆవిడ గుడిలోకి వెళితే నేను బయట చెప్పులు చూసుకుంటూ కూర్చుంటాను.

అలాంటివాడికి తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, పట్టపగలు, కడుపునిండా భోంచేసి కూర్చున్నాక జరిగిన సంగతి ఇది. ఆ రోజు అక్కడ ఉన్నది ముగ్గురం. ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. ఇంకా ఆలస్యం చేస్తే రాసేవాళ్ళు ఉండరని రాస్తున్నాను.

ముందు నా పని గురించి రెండు ముక్కలు. స్థలం కాగితం దేనికైనా ప్రాణం హద్దులు. నంబరు తప్పు పడినా, కొలత తప్పు పడినా హద్దులు సరిగ్గా ఉంటే ఆ కాగితం నిలబడుతుంది. వాటికి ఒక వరస ఉంది. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. తూర్పున మొదలుపెట్టి స్థలం చుట్టూ కుడిచేతి వైపుగా నడిచినట్టు రావాలి. ఈ వరస తప్పితే నాకు ఒళ్ళు మండుతుంది.

రాయడం అయ్యాక ఇరుపక్షాల వాళ్ళనీ కూర్చోబెట్టి మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదవాలి. "చదివి వినిపించగా విని సమ్మతించి" అని కాగితం చివర రాస్తాం. రాసి చదవనివాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం చదవకుండా ఎవరి చేతా సంతకం పెట్టించలేదు. నా గొంతు పెద్దది. నేను చదవడం మొదలుపెడితే పక్కన టీకొట్టు వాడు విసుక్కుంటూ రేడియో కట్టేసేవాడు.

ఇక మా ఇంటి సంగతి. మేం ముగ్గురం పిల్లలం. అక్క, నేను, మా తమ్ముడు గోపాలం. అక్కని బాపట్లలో ఇచ్చారు. బావ ఎనభైల్లో సరుకు ఓడల మీద వంటవాడుగా దేశాలు తిరిగాడు. ఓడ పని మానేశాక బాపట్లలో చిన్న టిఫిన్ హోటల్ పెట్టాడు. పెసరట్టు ఆయన వేసినట్టు ఎవరూ వేయలేరు. కానీ కాలు నిలిచే మనిషి కాదు. ఆరు నెలలు ఒకేచోట ఉంటే కాలుకాలిన పిల్లిలా తిరుగుతాడు. పెనం ముందు నిలబడి కూడా అటూ ఇటూ ఊగుతుండేవాడు.

ఆయనకి మలేషియాలో స్థలం కొనాలనే పిచ్చి పట్టుకుంది. ఓడ ఆగిన ఒక రేవులో సింహాద్రి అనే తెలుగాయన పరిచయమయ్యాడు. ఆయన తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి కొబ్బరితోటల్లో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారట. పెరాక్ అనే రాష్ట్రంలో సముద్రం పక్క ఊరు. సింహాద్రికి అక్కడ భోజన హోటలుంది. ఊరి చివర ఒక స్థలం అమ్మకానికొచ్చింది, కొనుక్కుంటే మా హోటల్లో వంటపని కూడా ఇస్తాను, వచ్చేయండి అని ఉత్తరం రాశాడు.

ఇక చూడండి. రోజూ అదే పాట. "ఇక్కడ కొన్నదానికి ఏం పెరుగుద్దయ్యా? అక్కడ పదేళ్ళు పడేసి ఉంచితే చాలు, రేపు మనకి ఓపిక లేనప్పుడు అదే కూర్చోబెట్టి అన్నం పెట్టుద్ది" అనేవాడు బావ. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ మాట కొంత నిజమే. దానికోసం బాపట్ల ఇల్లు అమ్మేద్దామన్నాడు. ఇక్కడి డబ్బు ఆ దేశానికి ఎలా చేర్చాలనుకున్నాడో నేను అడగలేదు. అడిగితే ఇప్పుడు రాయాల్సి వచ్చేది.

చిక్కు ఏంటంటే ఆ ఇల్లు అక్కది. మా నాన్న ఆమె పేరున రాశాడు. ఆమె సంతకం లేకుండా ఇటుక కూడా కదలదు. అక్క ససేమిరా అంది. బావతో పోట్లాడేటప్పుడు వేరే కారణాలు చెప్పేది కానీ, అసలు కారణం నాకొక్కడికే చెప్పింది.

"గోపీ వస్తే ఈ ఇంటికే రావాలి కదరా. వాడు ఇంకెక్కడికి వస్తాడు?"

గోపాలం అక్క దగ్గరే ఉండి బాపట్లలో డిగ్రీ చదివాడు. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చిన రోజు నిజాంపట్నం వైపు వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. శవం దొరకలేదు. ఆ ఏడు దొరకనివాళ్ళు చాలామంది. పెద్దవాళ్ళు చెప్పినట్టు మేం కర్మ చేశాం. అక్క ఆ రోజు మెతుకు ముట్టలేదు. అప్పటికి పధ్నాలుగేళ్ళు గడిచినా వాడి పుస్తకాల అలమర తాళం ఆమె కొంగునే ఉండేది.

అందుకని నేను అక్క పక్షం. బావని ఎదిరించి చెడ్డవాణ్ణి కాకుండా పని ఎలా ఆపాలా అని ఆలోచించాను. పరాయి దేశస్థుడి పేరున స్థలం పెట్టడం కష్టం కాబట్టి అది సింహాద్రి పేరునే ఉంటుంది, అసలు సొత్తు బావదని ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉండాలి. అది రాసిపెట్టమని బావ నన్ను అడిగాడు. సింహాద్రి అక్కడి తెలుగుబడిలో చదువుకున్నాడట, తెలుగులో రాసినా పరవాలేదన్నాడు.

రాస్తానన్నాను. స్థలానికి హద్దులేంటి అని అడిగాను. బావ దగ్గర ఒక నంబరు తప్ప ఏమీ లేదు. నాకు కావలసిందీ అదే. హద్దులు లేకుండా నేను కాగితం పూర్తి చేయను. అక్కణ్ణించి ఉత్తరం రావాలి, మళ్ళీ మనం రాయాలి, ఈలోగా బావకి ఇంకో పిచ్చి పడుతుంది. ఇదీ నా తెలివి.

ఆ ఆదివారం బాపట్ల వెళ్ళాను. భోజనాలయ్యాక వసారాలో చాప వేసుకుని కూర్చున్నాం. అక్క విసనకర్రతో విసురుకుంటూ గోడకి ఆనుకుంది. నేను చిత్తుప్రతి తీసి పైకి చదివాను. హద్దుల చోట నాలుగు దిక్కుల పేర్లు మాత్రం రాసి, వాటి ఎదురుగా ఉత్త గీతలు గీసి ఉంచాను.

నాకు గుర్తున్నంతవరకు జరిగింది ఇది. "ఈ దిగువ నాలుగు హద్దుల మధ్యగల స్థలము" అని చదివాను. అక్కడ ఆగాను. తలెత్తి, "హద్దులు రావాలి బావా. అవి వచ్చేదాకా ఇది చిత్తుకాగితమే" అన్నాను.

అక్క చేతిలో విసనకర్ర ఆగిపోయింది. బావ నన్నే చూస్తున్నాడు.

"మళ్ళీ చదువు" అంది అక్క.

"ఏం చదవను? అక్కడేం లేదు."

"ఇప్పుడేగా నాలుగూ చదివావు!"

ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. బావ నా చేతిలో కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పాడు. "ఏంటయ్యా ఇది, ఇందులో ఏం రాసి లేదే! మరి చూసి చదివినట్టు గడగడా చదివావుగా. సింహాద్రి నీకేమైనా ఉత్తరం రాశాడా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. మధ్యాహ్నం పూట ఏంటీ వేళాకోళం అని గట్టిగానే అరిచాను.

అక్క అరవలేదు. లేచి వెళ్ళి గోడకున్న క్యాలెండర్లోంచి పాత నెల కాగితం చింపి, దాని వెనక పెన్సిల్‌తో రాసింది. మధ్యలో బావని ఒక మాట అడిగింది. ఆయన అవునన్నాడు. రాసి నా చేతికిచ్చింది.

తూర్పు: లక్ష్మమ్మ గారి కొబ్బరితోట. పడమర: రోడ్డు, రోడ్డుకి అవతల చైనావాళ్ళ గుడి. ఉత్తరం: ఉప్పుకాలవ, దానిమీద చెక్క వంతెన. దక్షిణం: మా ఇంటిపేరు, ఆ తర్వాత గోపాలం గారి ఇల్లు.

నేను అలా చదవలేదని ఒట్టేశాను. వాళ్ళిద్దరూ చదివావని ఒట్టేశారు. బావ మొహం పాలిపోయి ఉంది. ఆయన అబద్ధాలాడతాడు కానీ నటించడం రాదు. మలేషియాలో చైనావాళ్ళు ఉంటారన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం రేపల్లె బస్సు ఎక్కాను. చెరుకుపల్లి దాటాక ఒక విషయం తట్టింది. ఆ కాగితం మళ్ళీ తీసి చూశాను. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. నేను రాసే వరస కాదు. నా చిత్తుప్రతిలో దిక్కులున్న వరసా కాదు. బళ్ళో పిల్లలకి నేర్పే వరస.

అలా చదివేవాడు మా ఇంట్లో ఒక్కడే. గోపాలం సెలవులకి వచ్చినప్పుడు నా దగ్గర కూర్చుని దస్తావేజులు చదివేవాడు. ఎప్పుడూ అదే తప్పు. తూర్పు, పడమర అంటూ అందుకునేవాడు. నేను ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. "స్థలం చుట్టూ నడవరా, దాని మీంచి దూకకు" అనేవాణ్ణి.

ఇక్కడ నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పాలి. ఆ ఉప్పెన రోజు వాడు స్నేహితుల్ని చూడ్డానికి వెళ్ళాడని ఇంట్లో అందరికీ చెప్పింది నేనే. అప్పుడు వాడు రేపల్లెలో నా దగ్గరే ఉన్నాడు. సొంతంగా వెళ్ళలేదు. నిజాంపట్నం అవతల ఒక ముసలావిడకి కాగితం చదివి వినిపించి వేలిముద్ర వేయించుకు రావాలి. వెళ్ళాల్సింది నేను. ముసురు పట్టి ఉంది, బద్ధకించాను. "నువ్వెళ్ళి చదివి వినిపించి రా" అని వాణ్ణి పంపాను. పధ్నాలుగేళ్ళు ఆ మాట గొంతులో పెట్టుకుని బతికాను.

ఆ తర్వాత నాకు నిలకడ పోయింది. షెడ్డులో కాగితం చదువుతుంటే ప్రతి మాట కిందా వేలు పెట్టేవాణ్ణి. చదవడం అయ్యాక పార్టీల్ని, "నేనేం చదివానండీ, హద్దులు ఓసారి చెప్పండి" అని అడిగేవాణ్ణి. వాళ్ళు వింతగా చూసేవారు. తెనాలిలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బీపీ బాగానే ఉందన్నాడు, నిద్రమాత్రలు రాశాడు. అవి వేసుకున్నా తెల్లవారుజామునే మెలకువ వచ్చేసేది. ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతుంటే మా ఆవిడ, "మీకూ మీ బావగారి జబ్బు అంటుకుందా ఏంటండీ" అంది.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. ఒక పరీక్ష పెట్టాను. సింహాద్రికి ఉత్తరం రాయమని బావతో చెప్పాను. హద్దులేంటో అడగాలి అంతే, ఇక్కడ ఏం విన్నారో ఒక్క ముక్క కూడా రాయకూడదు. ఆ ఉత్తరం నా ఎదురుగా రాయించి, నేనే చదివి, నా చేత్తోనే అంటించి పోస్టులో వేశాను.

నెల దాటాక జవాబొచ్చింది. బావ దాన్ని విప్పకుండా రేపల్లె పట్టుకొచ్చాడు. నేనే చింపాను. గుండ్రటి అక్షరాలు. తూర్పున లచ్చమ్మ అనే ఆవిడ కొబ్బరితోట ఉంది. పడమర రోడ్డు, దాటితే చైనీయుల దేవుడి గుడి. ఉత్తరాన సముద్రం పోటుకి ఉప్పునీరు వచ్చే కాలవ, చెక్కలతో కట్టిన చిన్న వంతెన.

దక్షిణం దగ్గర ఇలా రాశాడు: "ఆ పక్క గవర్నమెంటు జాగా. ఒక పాక ఉంది. ఎవరు వేసుకున్నారో మాకు తెలియదు. చాలాకాలంగా మనిషి లేడు."

బావ ఆ రోజు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మర్నాటికి అక్క దగ్గర్నుంచి కబురొచ్చింది. ఇల్లు అమ్మేద్దాం, కాగితాలు రాయి అని.

ఆ ఇంటిని కాపాడటానికి నేను వేసిన ఎత్తే దాన్ని అమ్మిస్తోంది. ఎప్పుడో నీళ్ళలో పోయిన తమ్ముడి కోసం, ఎక్కడో ఎవరిదో ఖాళీ పాక చూసుకుని అక్క ఉన్న ఒక్క గూడూ వదిలేస్తుందా? పరుగున బాపట్ల వెళ్ళాను. దారిలో ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను.

"అక్కా, సింహాద్రి ముందే నాకు ఉత్తరం రాశాడు. మూడు హద్దులూ అందులోవే. నాలుగోది నేను కల్పించాను. వేళాకోళానికి" అన్నాను.

అక్క బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"వేళాకోళానికైనా వాడి పేరు ఎత్తగలవా నువ్వు? పధ్నాలుగేళ్ళయింది, ఒక్కసారి కూడా గోపీ అని నీ నోటితో అనలేదు. తమ్ముడంటావు, వాడంటావు. ఆ రోజు ఇంటిపేరుతో సహా పలికావురా. అందుకే గుండె ఆగినంత పనైంది నాకు."

ఆమె చెప్పేదాకా నాకే తెలియదు ఆ సంగతి. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అసలు మాట చెప్పేశాను. ముసురు, ముసలావిడ, వేలిముద్ర, నా బద్ధకం, అంతా.

అక్క తిడుతుందనుకున్నాను, కొడుతుందేమోనని కూడా అనుకున్నాను. కొడితే బావుండేది. చేట తీసుకుని లేచి, "సంతకం ఎప్పుడు పెట్టాలో చెప్పు, వస్తాను" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఇంటి దస్తావేజు నేనే రాశాను, నేనే చదివాను. ఆమె విని సంతకం పెట్టింది, నా వైపు చూడకుండా బావ వెనకాలే నడిచి వెళ్ళిపోయింది.

పాస్‌పోర్టు పనులు తెమిలేదాకా వాళ్ళు అంగలకుదురులో బావ చుట్టాల ఇంట్లో ఉన్నారు. నేను వెళ్ళినప్పుడల్లా అక్క వంటింట్లోనే ఉండిపోయేది. ప్రయాణం రోజు మద్రాసు రైలెక్కించడానికి తెనాలి స్టేషన్‌కి వెళ్ళాను. బావ ఊరికే ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. అక్క కిటికీ పక్కన కూర్చుంది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. గార్డు విజిల్ వేశాక అప్పుడు నా వైపు తిరిగింది.

"ఆ రోజు వాడు అన్నం తిని వెళ్ళాడా?"

"తిన్నాడక్కా" అన్నాను.

తల ఊపింది. రైలు కదిలింది. నిజానికి వాడు తిన్నాడో లేదో నాకు తెలియదు. ఆ పొద్దున కాగితాల మీంచి తలెత్తకుండానే వాణ్ణి వెళ్ళిరమ్మన్నాను. కనీసం మొహం కూడా చూడలేదు.

అక్కణ్ణించి మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. అక్క రాసింది, నాకే రాసింది. ఊరు బాగుందట, ఎండ మనలాగే ఉందట. కొబ్బరితోట, గుడి, వంతెన, అన్నీ చూసిందట. పాకలో ఎవరూ లేరు. చుట్టుపక్కల అందర్నీ అడిగించింది. తెలిసినవాళ్ళు లేరు. లోపల ఒక మూల విరిగిన కుండ, ఒక చాప తప్ప ఏమీ లేవు. ఇంకేదైనా ఉంటుందేమోనని ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. లేదు.

బావ లెక్క మాత్రం తప్పలేదు. ఆ స్థలం రేటు బాగా పెరిగింది. కానీ ఆయనకి ఏడాది తిరక్కుండానే అక్కడా ఒళ్ళు తిమ్మిరెక్కింది. అమ్మేసి ఇంటికి పోదాం పదమని పోరు పెట్టాడు. ఈసారి కదలనన్నది అక్క. స్థలం చుట్టూ కంచె వేయిస్తుంటే దక్షిణం వైపు మాత్రం వేయనివ్వలేదట. ఆ సంగతి బావే ఫోన్‌లో విసుక్కుంటూ చెప్పాడు. నాలుగేళ్ళకి ఆయన గుండెపోటుతో అక్కడే పోయాడు. అక్క ఇప్పటికీ అక్కడే ఉంది.

అప్పటిదాకా నోటిమాట మీదే నడిచిన ఒప్పందాన్ని బావ పోయాక సింహాద్రి గారు పక్కాగా రాయించమన్నారు. ఆయనా పెద్దవాడయ్యాడు, తన తర్వాత పిల్లలతో అక్కకి పేచీ రాకూడదని ఆయన భయం. ఆ పాత చిత్తుప్రతి నా దగ్గరే ఉంది, గీతలు గీతలుగానే ఉన్నాయి. అక్క ఒక చీటీ పంపింది. "మూడు హద్దులు సింహాద్రి గారు చెప్పినట్టు రాయి. దక్షిణం ఆ రోజు నువ్వు చదివిందే రాయి."

రెండు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను. గవర్నమెంటు జాగా అని రాయడం న్యాయం. తప్పు హద్దు రాస్తే రేపు తగాదా వచ్చినప్పుడు కాగితం నిలవదు, అక్కకి ఈ లోకంలో మిగిలిన ఆధారం అదొక్కటే. అదంతా తెలిసే రాశాను. మా ఇంటిపేరు రాసి, గోపాలం గారి ఇల్లు అని రాశాను.

హద్దు అనేది ఎవరో ఒకరు చెబితేనే నేను రాస్తాను. సొంతంగా ఒక్కటి కూడా రాయలేదు. ఆ మూడూ సింహాద్రి గారు చెప్పారు. నాలుగోది నువ్వే చెప్పావంటుంది అక్క. నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.